సోర్స్ పెట్టినా తీసినా కరెంట్ ఒకటే: తప్పు పొరదా, నాదా?

#1 సన్నపొర
మూడు నెలలుగా కొట్టుకుంటున్నా, ఇక ఆగలేక ఇక్కడ పెడుతున్నా. క్యాడ్మియం టెల్లురైడ్ పొర, థర్మల్ ఎవాపరేషన్‌లో మామూలు మైక్రోస్కోప్ స్లైడు మీద వేసింది. మందం 1 మైక్రాన్. దాని మీద రెండు బంగారు పట్టీలు, ఒక్కోటి 10 మి.మీ. పొడవు, మధ్యలో 1 మి.మీ. ఖాళీ. 100 వోల్టులు పెట్టి, రేడియేషన్ పడితే కరెంట్ పెరుగుతుందేమోనని ఎలక్ట్రోమీటర్‌తో చూస్తున్నా. రేడియేషన్ సోర్స్ అమెరీషియం-241, 1 మైక్రోక్యూరీ, సీల్డ్, పొరకి సెంటీమీటరు ఎత్తులో.

బాధలు మూడు. సోర్స్ ఉన్నా లేకపోయినా కరెంట్‌లో తేడా లేదు. డార్క్ కరెంట్ (వెలుగూ రేడియేషనూ లేనప్పుడు పారేది) ఒకరోజు 3 నానోఆంపియర్లు, వాన పడ్డ రోజు 40. అదే శాంపిల్, అదే వైరు, అదే నేను. ఇక మా గైడు గారు కరెంట్-వోల్టేజ్ లాగ్-లాగ్ గ్రాఫులో వాలు 2 వచ్చింది చూసి "స్పేస్ ఛార్జ్ లిమిటెడ్, ట్రాప్ డెన్సిటీ లెక్కకట్టి పేపర్ రాసెయ్" అంటున్నారు. అంటే పొరలో పేరుకున్న ఛార్జే కరెంట్‌ని ఆపుతోందని, ఛార్జ్ చిక్కుకునే లోపాలు (ట్రాప్‌లు) ఎన్నో తీయమని. చాప్టర్ 4 పేరు "రేడియేషన్ డిటెక్షన్ కోసం పలుచని పొరలు". డిటెక్షన్ తప్ప మిగతావన్నీ ఉన్నాయి అందులో.

#2 ఇంకా_సబ్మిట్_కాలేదు
మూడు నెలలేనా? నాది నాలుగో ఏడు. కూర్చో, టీ తాగు.

#3 తేమ_బాధితుడు
బ్రో, ముందు ల్యాబు ఎక్కడో చెప్పు. ఆ 3 నుంచి 40 చూస్తే నాకు వాన వాసన వస్తోంది.

#4 సన్నపొర
బ్రో కాదు, అక్క. ల్యాబు సముద్రానికి కూతవేటు దూరం. ఏసీ ఉంది, కానీ సాయంత్రం అయిదింటికి అటెండర్ ఆపేసి వెళ్లిపోతాడు. బీరువా హ్యాండిల్ కూడా తుప్పు పట్టింది.

#5 పాతమీటరు_తాత
అమ్మాయ్, సోర్స్ సంగతి ముందు తేలుద్దాం. కాగితం తీసుకో.

1 మైక్రోక్యూరీ అంటే సెకనుకు 37,000 విఘటనలు. వాటిలో 59.5 కెఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టుల) గామా వచ్చేది నూటికి 36. అంటే సుమారు 13,300, అదీ అన్ని దిక్కులకీ. నీ ఖాళీ వైశాల్యం చదరపు సెంటీమీటరులో పదోవంతు, సెంటీమీటరు దూరం నుంచి దాని వాటా నూటికి 0.8. పొరను తాకేది సెకనుకు నూరు చిల్లర ఫోటాన్లు. ఇప్పుడు అసలు దెబ్బ. ఆ శక్తి దగ్గర ఈ పదార్థంలో ఫోటాన్ సగటున పావు మిల్లీమీటరు పైచిలుకు వెళ్లి గానీ ఆగదు. నీ పొర మిల్లీమీటరులో వెయ్యోవంతు. కాబట్టి వెయ్యి ఫోటాన్లలో ఆగేవి నాలుగు. నీ నూరు చిల్లరలో సెకనుకు 0.4. అంటే రెండు మూడు సెకన్లకి ఒక్క ఫోటాన్!

ఆ ఒక్కటి 4.43 ఈవీకి ఒక ఎలక్ట్రాన్-హోల్ జత (హోల్ అంటే ఎలక్ట్రాన్ లేచిపోయిన చోటు) చొప్పున 13,400 జతలు పుట్టించిందనుకో. అన్నీ చక్కగా ఎలక్ట్రోడ్లకి చేరినా సగటు కరెంట్ ఒక ఫెమ్టోఆంపియర్ కూడా కాదు. నీ డార్క్ కరెంట్ 3 నానో. తేడా 35 లక్షల రెట్లు. సముద్రంలో కాకిరెట్ట. నీ తప్పూ కాదు, పొర తప్పూ కాదు, లెక్క ముందు వేయకపోవడమే తప్పు.

#6 బ్యాటరీ_బండి
ఈవీ అని కనబడితే ఎలక్ట్రిక్ స్కూటర్ చర్చ అనుకుని వచ్చాను. 4.43 ఈవీ ఏ షోరూంలో దొరుకుతుంది?

#7 కె_ఎడ్జ్
తాతగారి లెక్క ఇంకా ఉదారంగా ఉంది. ఆ ఫోటాన్ క్యాడ్మియం కె-షెల్‌లో (అణువులో అన్నిటికన్నా లోపలి ఎలక్ట్రాన్ కక్ష్య) ఆగితే 26.7 కెఈవీ అక్కడ ఖర్చు, మిగిలిన 33 కెఈవీతో ఎలక్ట్రాన్ బయలుదేరుతుంది. దాని పరుగు ఈ పదార్థంలో అయిదారు మైక్రాన్లు. పొర మందం 1. సగం దారిలోనే గాజులోకో గాలిలోకో దూకేస్తుంది. పైగా 23 కెఈవీ ఫ్లోరెసెన్స్ ఎక్స్‌రే కూడా పారిపోతుంది. ఆ 13,400 జతల్లో నీ పొరకి దక్కేది కొంతే.

#8 సన్నపొర
ఇద్దరికీ దండాలు. ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు. కానీ పేపర్లలో పలుచని పొరల మీద రెస్పాన్స్ చూపిస్తున్నారుగా? అవన్నీ అబద్ధమా?

#9 పాతమీటరు_తాత
అబద్ధం కాదు. వాళ్లు చాలామంది ఎక్స్‌రే ట్యూబు కింద పెడతారు. అక్కడ ఫోటాన్లు సెకనుకి కోట్లలో ఉంటాయి. లేకపోతే ఆల్ఫా కణాలు వాడతారు. ఆల్ఫా పూర్తిగా ఆగాలంటే ఇందులో 20 మైక్రాన్లు చాలు, 1 మైక్రాన్‌లో కూడా వంద కెఈవీ పైనే వదిలి పోతుంది. నీ సీల్డ్ సోర్స్ నుంచి ఆల్ఫా బయటికి రాదు. దాన్ని విప్పి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టనీయకు! తెరిచిన ఆల్ఫా సోర్స్ కావాలంటే మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని అడుగు.

#10 స్ఫటికం
ఇందులో చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. డిటెక్టర్‌కి రెండు పనులు. ఫోటాన్‌ని ఆపడం, పుట్టిన ఛార్జ్‌ని ఒడ్డుకి చేర్చడం. మందపు స్ఫటికానికి ఆపడం తేలిక, చేర్చడం కష్టం. పలుచని పొరకి ఆపడమే కష్టం, చేర్చడం తేలిక. కాకపోతే మందం దిశలో చేర్చితేనే.

మాది సీజడ్‌టీ, అంటే క్యాడ్మియం జింక్ టెల్లురైడ్ స్ఫటికాలు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఎక్స్‌రే ఇమేజర్‌కి వాడింది ఇదే పదార్థం, 64 మాడ్యూళ్లు, 5 మి.మీ. మందం. సెంటీమీటరుకి వెయ్యి వోల్టుల క్షేత్రం పెట్టు. మంచి స్ఫటికంలో ఎలక్ట్రాన్ మ్యూ-టావ్ (ఎంత చురుగ్గా కదులుతుంది, చిక్కుకోకుండా ఎంతసేపు ఉంటుంది, ఈ రెండిటి లబ్ధం) 10^-2 చదరపు సెం.మీ./వోల్టు దాకా ఉంటుంది, అంటే చిక్కుకునేలోపు 10 సెంటీమీటర్లు పోగలదు. హోల్‌ది 10^-5. పదోవంతు మిల్లీమీటరు నడిచి కూలబడుతుంది. 1932లో హెక్ట్ రాసిన సూత్రం చెప్పేది ఇదే: ఎంత దూరం నడిస్తే అంతే సిగ్నల్. అందుకే ఎలక్ట్రోడ్‌ని చిన్న చిన్న పిక్సెళ్లుగా కోసి, హోల్‌ని పట్టించుకోకుండా ఎలక్ట్రాన్ మీదే బండి నడుపుతారు.

ఇప్పుడు నీ పొర. పాలీక్రిస్టల్ (చిన్న చిన్న స్ఫటిక రేణువుల అతుకు) కదా, మ్యూ-టావ్ 10^-6 అనుకుందాం. 1 మి.మీ. ఖాళీకి 100 వోల్టులు అంటే అదే సెంటీమీటరుకి వెయ్యి వోల్టులు. నడక 10 మైక్రాన్లు, దాటాల్సింది 1000. నూటికి ఒకటి. అదే పొరని శాండ్‌విచ్‌గా, కింద ఒక ఎలక్ట్రోడ్ పైన ఒకటి పెట్టి 10 వోల్టులు ఇస్తే నడక ఒక మిల్లీమీటరు, దాటాల్సింది 1 మైక్రాన్. నల్లేరు మీద నడక.

#11 ఇంకా_సబ్మిట్_కాలేదు
శాండ్‌విచ్ చేస్తే పిన్‌హోల్ షార్ట్ అవుతుంది స్వామీ. 1 మైక్రాన్ ఎవాపరేటెడ్ పొర మీద పది ఎలక్ట్రోడ్ డాట్లు వేస్తే ఏడు నేరుగా కింది ఎలక్ట్రోడ్‌కి అంటుకున్నాయి నాకు. నల్లేరు మీద నడక అనేవాళ్లు పిన్‌హోల్ మీద నడవాలి.

#12 స్ఫటికం
@ఇంకా_సబ్మిట్_కాలేదు నిజమే, ఒప్పుకున్నా. డాట్ సైజు తగ్గించు, సబ్‌స్ట్రేట్ ఇంకా శుభ్రం చెయ్. సిల్వర్ పేస్ట్ అయితే అసలు వద్దు, ఆ ద్రావకం సందుల్లోంచి దిగుతుంది.

#13 గార్డ్‌రింగ్_గచ్చిబౌలి
అందరూ సోర్స్ ఎనకనే పడ్డరు. 3 నుంచి 40 ఎట్లయిందో ఎవరూ అడుగుతలేరు ఏంది? అక్కా, ఒక పని చెయ్. పొర లేకుండా ఉత్త గాజు స్లైడు మీద అవే రెండు బంగారు పట్టీలు ఎయ్యి. అదే 100 వోల్టులు పెట్టు. ఎంతొస్తదో చూసి ఈడ రాయి. మా దగ్గర కొత్తగ వచ్చినోళ్లకు మొదటి వారం ఇచ్చే పని గదే.

#14 పొగబోతు_ఎక్స్‌రే
నేను ఆసుపత్రిలో మామోగ్రఫీ చూస్తాను, ఫిజిక్స్ మీ అంత రాదు. కానీ "పలుచని పొర పనికిరాదు" అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. మా మెషిన్ ప్యానెల్‌లో ఉన్నదీ పొరే. సెలీనియం, స్ఫటికం కాని రూపం. మందం 200 మైక్రాన్లు, మైక్రాన్‌కి 10 వోల్టులు, అంటే పొర మీద 2000 వోల్టులు. కంపెనీ ఇంజనీర్ చెప్పిన లెక్క ఇది. వేడెక్కితే అది స్ఫటికంగా మారిపోయి చెడిపోతుంది కాబట్టి గది ఏసీ రాత్రి కూడా నడవాలి. ఓసారి (ఆసుపత్రి పేరు అడగకండి) కరెంట్ బిల్లు మిగులుద్దామని ఎవరో మేనేజరు ఆదివారం ఏసీ ఆపించాడు. ఎండాకాలం. సోమవారం ప్యానెల్‌లో మచ్చలు. ఏసీ బిల్లు ఎన్ని జన్మలకి సరిపోయేదో!

#15 కె_ఎడ్జ్
@పొగబోతు_ఎక్స్‌రే బంగారం లాంటి ఉదాహరణ. అక్కడ ఫోటాన్లు 20 కెఈవీ దగ్గర ఉంటాయి, సెలీనియం అణుసంఖ్య 34 అయినా 200 మైక్రాన్లు సరిపోతాయి. ఇంకో తమాషా: సెలీనియంలో ఒక జత పుట్టడానికి ఆ క్షేత్రంలో 50 ఈవీ దాకా పడుతుంది, క్యాడ్మియం టెల్లురైడ్‌కి పది రెట్లు పైగా. అయినా గెలిచింది. ఎందుకంటే డార్క్ కరెంట్ చాలా తక్కువ, పెద్ద వైశాల్యం మీద ఎవాపరేషన్‌తో వేయవచ్చు. ఎక్కువ సిగ్నల్ ఇచ్చే పదార్థం కంటే తక్కువ లీకేజీ ఉన్న పదార్థమే చాలాచోట్ల కాపురం చేస్తుంది.

మీ హ్యాండిల్ ఏంటండీ బాబూ.

#16 పొగబోతు_ఎక్స్‌రే
సిగరెట్ మానేసి ఆరేళ్లయింది, హ్యాండిల్ మార్చడానికి అడ్మిన్ ఒప్పుకోవట్లేదు.

#17 సన్నపొర
@గార్డ్‌రింగ్_గచ్చిబౌలి నీకు పాదాభివందనం. నిన్న ఎండ, ఉత్త గాజు మీద 0.6 నానో. ఇవాళ పొద్దున్నుంచి ముసురు, అదే ఉత్త గాజు 35 నానోఆంపియర్లు! పొర లేదు, ఏమీ లేదు. మూడు నెలలు నేను కొలిచింది విశాఖ వర్షాన్ని.

#18 తేమ_బాధితుడు
చెప్పానా, వాన వాసన అని. సోడా-లైమ్ గాజు ఉపరితలం సోడియం వల్ల నీటిని పట్టుకుంటుంది. ఆ నీటి పొరే నీ సెమీకండక్టర్.

#19 స్ఫటికం
తొందరపడకండి. ఉత్త గాజులో కరెంట్ ఉందంటే అలాంటి దారి ఉందని తేలింది, అంతే. పొర వేసిన స్లైడులో ఖాళీ అంతా పొరే కప్పేసి ఉంది కదా, అక్కడ గాజు ఉపరితలం గాలికి కనబడదు. ఆ 40 నానోలో గాజుది ఎంతో ఉత్త గాజు ఎలా చెబుతుంది?

#20 గార్డ్‌రింగ్_గచ్చిబౌలి
అక్కా, పట్టీల చివర్లు పొర దాటి గాజు మీదకు వచ్చినయా? ప్రోబ్ పిన్ను ఎక్కడ ఆనిస్తున్నవ్?

#21 సన్నపొర
వచ్చాయి. పొర 8 మి.మీ. వెడల్పే. మాస్క్ సరిగ్గా లేక పట్టీలు రెండు పక్కలా గాజు మీదికి పాకాయి. పిన్నులు కూడా గాజు మీద ఉన్న భాగానికే ఆనిస్తా, పొర గీసుకుపోతుందని.

#22 గార్డ్‌రింగ్_గచ్చిబౌలి
అయిపాయె. @స్ఫటికం అన్నా, దారి దొరికింది.

మందు కూడ చెప్తున్న. కొత్త మాస్క్‌తోని పట్టీలు పొర మీదనే ఆగాలె. కరెంట్ కొలిచే పట్టీ చుట్టూ గార్డ్ ఎలక్ట్రోడ్ ఎయ్యి, దాన్ని అదే పొటెన్షియల్‌ల ఉంచు, పక్కనుంచి వచ్చే లీకేజీ గార్డ్‌లకు పోతది, మీటర్‌లకు రాదు. ట్రయాక్స్ కేబుల్ వాడు. శాంపిల్ హోల్డర్ బేకలైట్ అయితే పారెయ్యి, టెఫ్లాన్ పెట్టు. సబ్‌స్ట్రేట్ క్వార్ట్జ్ లేకపోతే ఆల్కలీ లేని గాజు. అన్నిటికన్న ముందు వాక్యూమ్‌ల పెట్టి కొలువు, పైస ఖర్చు లేదు.

#23 సీసం_అయొడిన్
జర్మనీలో పోస్ట్‌డాక్, పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం ఉన్న సెమీకండక్టర్లు) పొరలు నా పని. పైన అందరూ ఒక ఫోటాన్‌కి గరిష్ఠంగా అన్ని జతలే అన్న లెక్కలో ఉన్నారు. ఫోటోకండక్టివ్ గెయిన్ మర్చిపోయారు. హోల్ ట్రాప్‌లో కూర్చుంటే, పొర తటస్థంగా ఉండాలి కాబట్టి ఒక ఎలక్ట్రాన్ బయటికి పోగానే కాంటాక్టు నుంచి ఇంకోటి వస్తుంది. హోల్ లేచేదాకా ఇలా తిరుగుతూనే ఉంటాయి. లైఫ్‌టైమ్‌ని ప్రయాణ సమయంతో భాగిస్తే గెయిన్. వంద, వెయ్యి కూడా వస్తుంది. సన్నపొర గారూ, ఆశ వదలకండి.

#24 స్ఫటికం
వస్తుంది, ఊరికే రాదు. ఏ ట్రాప్ గెయిన్ ఇస్తుందో అదే స్పందనని నత్తనడక చేస్తుంది. ఎక్స్‌రే ఆపిన నిమిషం తరువాత కూడా కరెంట్ దిగకపోతే దాన్ని డిటెక్టర్ అనను, జ్ఞాపకాల పెట్టె అంటాను. గెయిన్‌తో పాటు డార్క్ కరెంట్ నాయిజ్ కూడా పెరుగుతుంది. పెరోవ్‌స్కైట్ పేపర్లలో సెన్సిటివిటీ పెద్ద అంకెల్లో రాసి, డార్క్ కరెంట్ కదలడం గురించి ఒక లైనులో ముగిస్తారు.

#25 సీసం_అయొడిన్
ముగించేవాళ్లు ముగిస్తారు, నేను రాశాను. మా దాంట్లో అయాన్లే కదులుతాయి, వోల్టేజ్ పెట్టిన ప్రతిసారీ కొత్త పదార్థం. అందుకే స్పేస్ ఛార్జ్ పద్ధతితో ట్రాప్ డెన్సిటీ తీయడం మా వాళ్లలోనే చాలామంది తప్పంటున్నారు. మరి సీజడ్‌టీ లో హోల్ పదోవంతు మిల్లీమీటరు దగ్గర కూలబడితే అది జ్ఞాపకాల పెట్టె కాదా?

#26 స్ఫటికం
ఫోటాన్ల వర్షం ఎక్కువైతే అవుతుంది. దాన్నే పోలరైజేషన్ అంటాం. సరే, ఒకటి నీకు.

#27 ఇంకా_సబ్మిట్_కాలేదు
మొదటిసారి ఈ వేదికలో ఒకరు ఒప్పుకోవడం చూశా. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

#28 పాతమీటరు_తాత
స్పేస్ ఛార్జ్ మాట వచ్చింది కాబట్టి, అమ్మాయ్, మీ గైడు గారికి నచ్చచెప్పే దారి. కరెంట్ వోల్టేజ్ వర్గానికీ, మందం ఘనానికి విలోమంగానూ మారుతుందన్న మాట్-గర్నీ సూత్రం శాండ్‌విచ్ కోసం. అక్కడ క్షేత్రం ఒకే దిశలో, పొర అంతటా. నీది పక్కపక్క పట్టీలు, పొర మైక్రాన్, ఖాళీ మిల్లీమీటరు. క్షేత్రరేఖలు పొర బయట గాజులోనూ గాలిలోనూ తిరుగుతాయి. ఆ సూత్రంలో నీ 1 మి.మీ. పెట్టి వచ్చిన అంకెకి అర్థం లేదు. వాలు 2 ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. వేర్వేరు ఖాళీలతో, అర మిల్లీమీటరు, ఒకటి, రెండు, కొలిచి చూడు. కాంటాక్టు అడ్డమా, పొర అడ్డమా కూడా అందులోనే తేలుతుంది. వోల్టేజ్ దిశ మార్చి చూశావా?

#29 సన్నపొర
మార్చలేదు. నాకు వచ్చిన వాలు 2 కూడా తడి గాజుదేనా ఏంటి?

#30 తేమ_బాధితుడు
ఎవరికి తెలుసు. తడి గాజు మీద ట్రాప్ డెన్సిటీ లెక్కకట్టిన మొదటి వ్యక్తిగా చరిత్రకెక్కుతావు.

#31 సోలనాయిడ్_బలి
నా కథ విను అక్కా, ఓదార్పుగా ఉంటుంది. మా ల్యాబులో సోర్స్ ముందు సీసం షట్టర్, సోలనాయిడ్‌తో తెరుచుకునేది. తెరవగానే కరెంట్ మెల్లగా పెరిగేది, మూయగానే మెల్లగా దిగేది. అద్భుతమైన రెస్పాన్స్. మా సీనియర్ పోస్టర్ కూడా వేశాడు. ఒకరోజు సోర్స్ పెట్టడం మర్చిపోయి షట్టర్ ఆడించాం. అదే రెస్పాన్స్! తెరిచి ఉన్నంతసేపూ సోలనాయిడ్ కాయిల్ వేడెక్కేది, అది శాంపిల్ కింద ప్లేటుకే బిగించి ఉంది.

లెక్క కూడా చెబుతా. యాక్టివేషన్ ఎనర్జీ (కరెంట్ పారడానికి వేడి అందించాల్సిన శక్తి మెట్టు) 0.6 ఈవీ అయితే గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే కరెంట్ సుమారు 8 శాతం పెరుగుతుంది. నీ ఏసీ ఆగి మొదలైన ప్రతిసారీ గ్రాఫులో అలలు చూడు.

#32 ఇంకా_సబ్మిట్_కాలేదు
పోస్టర్‌కి బహుమతి వచ్చిందా?

#33 సోలనాయిడ్_బలి
రెండో బహుమతి.

#34 సన్నపొర
పది రోజుల తర్వాత వస్తున్నా. కొత్త మాస్క్ చేయించా, గార్డ్ వేశా, టెఫ్లాన్ హోల్డర్, ఆల్కలీ లేని గాజు అడుక్కుని తెచ్చుకున్నా. రోటరీ పంపుతో వాక్యూమ్‌లో రెండు గంటలు ఉంచాక 100 వోల్టులకి 0.8 నానోఆంపియర్లు. బయట వాన పడ్డా 0.8. ఎండ కాసినా 0.8. పట్టీల పొడవు, ఖాళీ, మందం పెట్టి లెక్కకడితే రెసిస్టివిటీ 1.25×10^8 ఓం-సెం.మీ. వోల్టేజ్ దిశ తిప్పినా అంతే. వాలు 1.05. స్పేస్ ఛార్జ్ ఎటో వెళ్లిపోయింది.

పాత స్లైడుని కూడా వాక్యూమ్‌లో వేడిచేసి చూశా. 80 డిగ్రీలు దాటాక అర్హీనియస్ గీత (ఉష్ణోగ్రతతో కరెంట్ మారే లాగ్ గ్రాఫు) వంపు తిరిగింది. కొత్తదానిలో వంపు లేదు, యాక్టివేషన్ ఎనర్జీ 0.62 ఈవీ. ఇది బ్యాండ్ గ్యాప్‌లో (ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కావలసిన కనీస శక్తి) సగం కూడా కాదు కదా, సగం అంటే 0.72 పైనే ఉండాలి?

#35 గార్డ్‌రింగ్_గచ్చిబౌలి
మస్తు! వంపు గాజు లోపలి సోడియం అయాన్లదే అనుకుంటున్న. 90 డిగ్రీల దగ్గర డీసీ పెట్టి అరగంట వదిలెయ్యి, అయాన్ కరెంట్ అయితే ఎలక్ట్రోడ్ దగ్గర పోగుపడి దిగుకుంట పోతది.

#36 కె_ఎడ్జ్
0.62ని బ్యాండ్ గ్యాప్‌లో సగంతో పోల్చకు. సగం అనేది లోపాలు లేని స్ఫటికానికి. నీ పొరలో రేణువులు ఉంటాయి, వాటి సరిహద్దుల దగ్గర ఛార్జ్ చిక్కుకుని గోడలు లేస్తాయి. 1975లో సేటో పాలీసిలికాన్‌కి చెప్పిన చిత్రం ఇదే: మొబిలిటీ కూడా ఆ గోడ ఎత్తుని బట్టి ఉష్ణోగ్రతతో మారుతుంది. క్యారియర్ల సంఖ్య, గోడ ఎత్తు రెండూ కలిసిన అంకె నీ 0.62. ఒక్క అర్హీనియస్ గీత నుంచి ఏది ఎంతో విడదీయలేవు. హాల్ కొలత (అయస్కాంత క్షేత్రంలో పెట్టి క్యారియర్ల సంఖ్య తీసే పద్ధతి) ఈ రెసిస్టెన్స్‌లో చుక్కలు చూపిస్తుంది, ముందే చెబుతున్నా.

#37 పాతమీటరు_తాత
వాక్యూమ్ గేజ్ ఏది వాడుతున్నావ్? అయాన్ గేజ్ అయితే దాని ఫిలమెంట్ వెలుగు పొర మీద పడుతుంది. ఈ పదార్థం సోలార్ సెల్స్‌కి కూడా వాడేది, మినుకుమన్న కాంతికీ ఉలిక్కిపడుతుంది. కొలిచేటప్పుడు గేజ్ ఆపు.

#38 సన్నపొర
పిరానీ గేజ్ తాతగారూ, వెలుగు లేదు. కానీ కిటికీ పోర్టు మీద నల్లగుడ్డ తీస్తే 0.8 కాస్తా 5 అయింది. ఆ సంగతి నిన్నే కనిపెట్టా. మూడు నెలల పాత డేటాలో ట్యూబ్‌లైట్ వాటా ఎంతో దేవుడికే ఎరుక.

#39 రేడియో_వనజ
రేణువుల గోడల గురించి ఒక మాట. సోలార్ సెల్ వాళ్లు క్యాడ్మియం క్లోరైడ్ పూసి 400 డిగ్రీల చుట్టుపక్కల కాల్చి రేణువులు పెంచుతారు, సరిహద్దులు శాంతిస్తాయి. ప్రయత్నించాలంటే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి, అది నీళ్లలో కరిగే క్యాడ్మియం, పొర కంటే ప్రమాదం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, పొరని బ్లేడుతో గీకి పొడి చేయకండి.

#40 సన్నపొర
ఇవాళ ఎక్స్‌రే ట్యూబు టైం దొరికింది, ఒక్క గంట. ట్యూబుకి దగ్గరగా, అక్కడి డోసిమీటర్ ప్రకారం గాలిలో సెకనుకి 10 మిల్లీగ్రే (గ్రే అంటే కిలోకి ఒక జౌల్ శక్తి). కరెంట్ 0.8 నుంచి 1.1 నానోకి లేచింది!!! ట్యూబు ఆపితే దిగింది. ఉష్ణోగ్రత సెన్సర్ పక్కనే పెట్టా, కదల్లేదు (సోలనాయిడ్_బలి గారి దయ). షట్టర్ మూసి ట్యూబు నడిపినా ఏమీ లేదు. కానీ దిగడానికి 40 సెకన్లు పట్టింది.

#41 సీసం_అయొడిన్
చూశారా! 40 సెకన్ల తోక. ట్రాప్ ఉంది, గెయిన్ ఉంది.

#42 పాతమీటరు_తాత
తోక ఉంటే గెయిన్ ఉన్నట్టేనా? లెక్క చూద్దాం. సగటు శక్తి 40 కెఈవీ అనుకుంటే, ఈ పదార్థం గాలి కంటే గ్రాముకి రెండు వందల రెట్లు ఎక్కువ శక్తి మింగుతుంది. పట్టీల మధ్య పొర బరువు సుమారు 58 మైక్రోగ్రాములు. అందులో సెకనుకి పుట్టే జతలన్నీ ఎలక్ట్రోడ్లకి చేరితే 26 నానోఆంపియర్ల దాకా రావాలి. అమ్మాయికి వచ్చింది 0.3. నూటికి ఒకటి. ఇది గెయిన్ కాదు, నష్టం. #10లో స్ఫటికం చెప్పిన 10 మైక్రాన్ల నడకకి సరిగ్గా అతుకుతోంది, మ్యూ-టావ్ 10^-6.

#43 కె_ఎడ్జ్
తాతగారూ, మళ్లీ ఉదారం. #7 మర్చిపోయారు. ఫోటోఎలక్ట్రాన్లు పొర దాటి దూకేస్తాయి కాబట్టి 26 కాదు, అందులో సగమో మూడోవంతో. అప్పుడు మ్యూ-టావ్ రెండు మూడు రెట్లు ఎక్కువే. 10^-6 కింది హద్దు మాత్రమే.

#44 పాతమీటరు_తాత
ఒప్పుకున్నా. వయసైపోయింది, దూకేవాళ్ల సంగతి గుర్తుండట్లేదు.

#45 సీసం_అయొడిన్
వోల్టేజ్ రెట్టింపు చేస్తే సిగ్నల్ రెట్టింపు అవుతుందా లేదా చూడమనండి. గెయిన్ లేకపోతే నూటికి నూరు దగ్గర ఆగిపోవాలి, గెయిన్ అయితే నూరు దాటాలి. అప్పటిదాకా నేను నా మాట మీదే ఉంటా.

#46 స్ఫటికం
నూటికి ఒకటి దగ్గర ఉన్నదానికి రెట్టింపు చేస్తే రెండు వస్తుంది. ఇద్దరి వాదనకీ అదే జవాబు. శాండ్‌విచ్ చేస్తే గానీ తేలదు.

#47 సన్నపొర
గైడు గారికి #5, #17, #42 ప్రింటు తీసి ఇచ్చా. చాలాసేపు చూశారు. "మరి మందం 50 మైక్రాన్లు వేద్దామా?" అన్నారు. మా ఎవాపరేటర్‌లో ఒక్కసారికి రెండు మైక్రాన్లు రావడమే గగనం. క్లోజ్ స్పేస్డ్ సబ్లిమేషన్ (పదార్థాన్ని స్లైడుకి బాగా దగ్గరగా పెట్టి ఆవిరి చేసి మందంగా వేసే పద్ధతి) సెటప్ కట్టుకోవాలేమో. ట్రాప్ డెన్సిటీ పేపర్ మాట ఎత్తలేదు. చాప్టర్ 4 పేరు "సబ్‌స్ట్రేట్ లీకేజీ, తేమ, ట్రాన్స్‌పోర్ట్ కొలతలు" అని మారుస్తున్నా, రేడియేషన్ చివరి సెక్షన్‌కి పోయింది.

#48 ఇంకా_సబ్మిట్_కాలేదు
నా కంటే ముందు సబ్మిట్ చేసేలా ఉన్నావు. ఇది బాగోలేదు.

#49 గార్డ్‌రింగ్_గచ్చిబౌలి
అక్కా, ఆ తడి గాజు డేటా పారెయ్యకు. హ్యుమిడిటీ సెన్సర్‌గ మంచిగ పనిచేస్తున్నది కదా, 0.6కి 35. దాని మీద ఓ పేపర్ రాయి.

#50 సన్నపొర
అటెండర్‌కి చెప్పా, రేపటి నుంచి ఏసీ ఆపొద్దని. "వాన పడుతుంటే ఏసీ ఎందుకమ్మా, చల్లగానే ఉందిగా" అన్నాడు.